మూడో నెంబరు టార్గెట్

"మీకు ఎన్ని తూటాలు ఇచ్చారు?"

"అయిదండీ."

"మీరు లెక్క చూసుకున్నారా?"

"సెక్రటరీ గారు నా అరచేతిలో ఒక్కొక్కటే పెట్టారండీ. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టారు."

"అయిదూ కాల్చారా?"

"కాల్చానండీ."

"ఈలకి ముందా, తర్వాతా?"

"ముందే. నలుగురిలో ఆఖరున ముగించింది నేనే. నా అయిదోది పేలాక తుపాకి కింద పెట్టేశాను. అప్పుడు సెక్రటరీ గారు ఈల వేశారు."

డిటెక్టివ్ రాజారత్నం నోట్‌బుక్కులోంచి తల ఎత్తాడు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న లీలావతికి ఇరవై ఆరేళ్ళుంటాయి. బందరులో ఒక ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. శనివారం సాయంత్రం నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు. పోలీసులు సంగతి తేల్చేదాకా క్లాసులోకి రావద్దని ఆ ఉదయమే స్కూలువాళ్ళు కబురు పంపారు.

"నేనేగనక ఒక మనిషిని కాల్చి ఉంటే ఆ మాట నేనే చెప్తానండీ. దాచుకోను. కానీ కాల్చలేదు. అది ఎలా రుజువు చెయ్యాలో తెలియడం లేదు," అంది.

"అది నా పని. మీరు కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

1963 ఏప్రిల్ నెల, సోమవారం ఉదయం తొమ్మిదింబావు. వాళ్ళు కూర్చున్నది గిలకలదిండి రోడ్డు పక్కన, పాత ఉప్పుమళ్ళలో ఉన్న రైఫిల్ క్లబ్బు పాకలో. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన దైవాధీనం రెండేళ్ళ క్రితం ఈ క్లబ్బు పెట్టాడు, సెక్రటరీ కూడా ఆయనే. ఎదురుగా యాభై గజాల దూరంలో, సముద్రం వైపున, పది అడుగుల ఎత్తు మట్టిగట్టు పోయించాడు. ఆ గట్టు ముందు నాలుగు చట్రాలు పాతించాడు. చైనా యుద్ధం వచ్చాక తుపాకి నేర్చుకుంటామని జనం రావడం మొదలెట్టారు. ఎవరొచ్చినా దైవాధీనం కులం అడగడు, ఊరు అడగడు. చొక్కాకి క్లబ్బు బిళ్ళ గుచ్చి, గ్లాసుడు నిమ్మకాయ సోడా చేతికిచ్చి, తుపాకి గొట్టం ఎప్పుడూ ఎటు ఉండాలో చెప్తాడు. కొత్త మెంబర్లు వచ్చే శనివారం ఆయనకు పండగే.

మొన్న శనివారం నలుగురు కొత్తవాళ్ళు వచ్చారు. నలుగురూ టార్పాలిన్ మీద బోర్లా పడుకుని నాలుగు టార్గెట్లకీ తలా అయిదు తూటాలు కాల్చారు. నాలుగూ ముప్పై అయిదుకి ఈల పడింది. గట్టు పక్కనున్న గోతిలోంచి క్లబ్బు మనిషి ఏడుకొండలు టార్గెట్ అట్టలు తీసుకురావడానికి పైకి వచ్చాడు. మూడో నెంబరు దగ్గర నిలబడి చెయ్యి ఎత్తాడు. తుపాకి చప్పుడు ఒకటి వినబడింది. ఏడుకొండలు కుడిచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

మూడో నెంబరు లీలావతిది. మిగతా మూడు అట్టల మీదా అయిదేసి చిల్లులున్నాయి. ఆమె అట్ట మీద నాలుగే ఉన్నాయి.

బయట జీపు ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పిచ్చేశ్వరరావు టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. కిందటేడు కృత్తివెన్ను పడవ దొంగతనం కేసులో రాజారత్నం తనకంటే ఒక రోజు ముందు దొంగను పట్టుకున్న సంగతి ఆయన ఇంకా మర్చిపోలేదు.

"ఏం రత్నం గారూ! ఇక్కడ కూడా మీరేనా?"

"దైవాధీనం గారు పిలిచారండీ."

"పిలుస్తారు. క్లబ్బు మూతపడుతుందని భయం కదా. ఇందులో డిటెక్టివ్ చెయ్యడానికి ఏముందండీ? అయిదు తూటాలు ఇచ్చారు, అట్ట మీద నాలుగున్నాయి. అయిదోది ఆస్పత్రిలో డాక్టరు గారు ఏడుకొండలు చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టారు. ఈవిడ లెక్కల టీచరే కదా, ఆవిణ్ణే కూడమనండి."

లీలావతి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"గాయం చేతికి ఏ పక్కనుంది?" అని అడిగాడు రాజారత్నం.

"కుడిచెయ్యి, బయటిపక్క."

"పొద్దున నేను ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. ఏడుకొండలు అట్ట పీకడానికి టార్గెట్ వైపు తిరిగి నిలబడ్డాడట. అంటే పాకకి అతని వీపు ఉంటుంది. ఇక్కణ్ణించి కాలిస్తే వీపుకి తగలాలి, లేదా చేతికి వెనకవైపు తగలాలి. బయటిపక్కన ఎలా తగిలింది?"

"చప్పుడికి పక్కకి తిరిగుంటాడు."

"చప్పుడు వినబడేసరికే తూటా తగిలిందన్నాడు."

"దెబ్బ తిన్నవాడికి ముందేదో వెనకేదో ఏం తెలుస్తుందండీ? నా దగ్గర ఉన్నది లెక్క. రిపోర్టు రాసేశాను, మధ్యాహ్నం రెండింటికి పంపేస్తాను. ఈవిడ మీద కేసు, క్లబ్బుకి సీలు. అప్పటిదాకా మీ ఇష్టం."

"రెండింటిదాకా అక్కర్లేదు. ఒక్క పావుగంట నాతో రండి, చాలు."

ముగ్గురూ గట్టు వైపు నడిచారు. సెక్రటరీ దైవాధీనం వెనకాలే వచ్చాడు. శనివారం నుంచీ కానిస్టేబుల్ కాపలా ఉండడంతో అక్కడ ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. మూడో నెంబరు చట్రానికి అట్ట అలాగే ఉంది. రాజారత్నం భూతద్దం తీసి ఒక్కో చిల్లునూ చూసి, అద్దాన్ని ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు.

"ఈ మూడూ చూడండి. కందిగింజంత, గుండ్రంగా ఉన్నాయి. ఇప్పుడు ఈ నాలుగోది చూడండి."

"కొంచెం సాగినట్టుంది."

"వేపగింజలా ఉంది. ఒక తూటాకి అంత చిల్లు పడదు."

పిచ్చేశ్వరరావు నవ్వాడు. "అంటే ఒకే చిల్లులోంచి రెండు వెళ్ళాయంటారా? జీవితంలో మొదటిసారి తుపాకి పట్టుకున్న మనిషికా? అట్ట చిరిగిందండీ, అంతే."

"చిరిగిందో లేదో దాని వెనకున్నది చెప్తుంది. ఈ అట్ట వెనక ఏం పెట్టారు దైవాధీనం గారూ?"

"తాటిమొద్దండీ. పాతది పుచ్చిపోతే శనివారం పొద్దున్నే కొత్తది దింపించాను."

"దాని మీద లీలావతి గారికి ముందు ఎవరైనా కాల్చారా?"

"లేదండీ. ఆవిడదే బోణీ."

రాజారత్నం ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "కొత్త తాటిమొద్దు, నాలుగు చిల్లులు అని మీ పంచనామాలో మీరే రాశారు. కాబట్టి ఇందులో దొరికే ప్రతి సీసం ముక్కా ఆవిడదే. ఉలి, సుత్తి తెప్పించండి. తవ్వేది మీరే, లెక్కపెట్టేది మీరే. నేను చెయ్యి కూడా పెట్టను."

పిచ్చేశ్వరరావు ఒక్క క్షణం ఆలోచించి చొక్కా చేతులు మడిచాడు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆయన పనిదొంగ కాడు. తాటిమొద్దు ఇనుములా ఉంది. చెమటలు కక్కుతూ మొదటి చిల్లు తవ్వి ఒక ముక్క తీశాడు. రెండో చిల్లులో ఒకటి, మూడో చిల్లులో ఒకటి దొరికాయి. వాటిని రుమాలు మీద వరసగా పెట్టాడు. నాలుగో చిల్లు దగ్గర ఉలి చాలాసేపు ఆడింది. చివరికి కొనతో పెకలించి అరచేతిలో వేసుకున్నాడు. కాస్త పొడుగ్గా, నలిగిన సీసం ముద్ద. దాన్ని ఉలికొనతో మెల్లగా తడితే రెండుగా ఊడిపోయింది. అప్పటిదాకా ఒకటి రెండోదాని నెత్తిన ఎక్కి కూర్చుని ఉంది.

"అయిదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మెల్లగా.

లీలావతి దగ్గరకు వచ్చి ఆ రుమాలు వైపు చూసింది. "ఒకే చిల్లులోనా? నేనా?"

"మీరేనమ్మా!" అన్నాడు దైవాధీనం. "పదేళ్ళు సైన్యంలో కాల్చాను, నాకు రెండుసార్లే పడింది అలా! నేను మీకు సోడా ఇచ్చాను గానీ, ఆ రోజు మీకు దండ వెయ్యాల్సింది."

రెండు రోజుల తర్వాత ఆమె ముఖాన మొదటిసారి నవ్వు కనబడింది. వెంటనే కళ్ళు తుడుచుకుంది.

పిచ్చేశ్వరరావు చేతులు దులుపుకున్నాడు. "సరే, ఈవిడది కాదు. ఒప్పుకున్నాను. మరి ఏడుకొండలు చేతిలోది ఎవరిది?"

రాజారత్నం మూడో నెంబరు ముందు, ఏడుకొండలు నిలబడ్డ చోట నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి బయటిపక్క దక్షిణానికి ఉంది. దక్షిణాన ఎనభై గజాల దూరంలో సరుగుడు తోట మొదలవుతుంది.

తోటలోకి వెళ్ళి చూస్తే వెతకవలసిన పనే లేకపోయింది. అంచుకి దగ్గరగా ఉన్న ఒక సరుగుడు చెట్టుకి టార్గెట్ అట్ట ఒకటి తుమ్మముల్లుతో గుచ్చి ఉంది. అట్ట మీద మూడు చిల్లులున్నాయి. చెట్టు బెరడు మీద మాత్రం కిందా పైనా చాలా దెబ్బలున్నాయి. చెట్టు వెనక ఉప్పుమళ్ళ నాటి పాత మట్టిగోడ, నడుం ఎత్తున ఉంది. చెట్టుకి ఎడమగా మూరెడు దూరంలో ఆ గోడ విరిగిపోయి ఉంది. చెట్టు ఎడమ అంచున బెరడు ఒకచోట గీరుకుపోయింది. రాజారత్నం ఆ గీతకి కన్ను ఆనించి చూసి, పక్కకి తప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. విరిగిన గోడ సందులోంచి మూడో నెంబరు చట్రం కనబడింది.

"ఎవరో ఇక్కడ దొంగచాటుగా గురి నేర్చుకుంటున్నారు. తూటా గోడలో పడుతుందనుకున్నారు. ఒకటి చెట్టుని రాసుకుని సందులోంచి బయటికి వెళ్ళింది," అన్నాడు రాజారత్నం.

"మరి ఇన్ని కాలిస్తే పాకలో ఎవరికీ వినబడలేదా?"

"అక్కడ నలుగురు కాలుస్తున్నారు. ఆ చప్పుళ్ళలో ఇవీ కలిసిపోయాయి. ఆ మనిషికి కావలసిందీ అదే."

"ఈల పడ్డాక ఆపాలి కదా?"

రాజారత్నం దైవాధీనాన్ని పాకకి పంపి ఈల వెయ్యమన్నాడు. సముద్రపు గాలి లేచింది. సరుగుడు ఆకుల హోరు తప్ప వాళ్ళకి ఏమీ వినబడలేదు. కాసేపటికి పాక ముందు దైవాధీనం చెయ్యి ఊపుతూ కనబడ్డాడు. మూడుసార్లు వేశానని తిరిగి వచ్చాక చెప్పాడు.

"తుపాకి ఎక్కడిది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"క్లబ్బుకి ఎన్ని రైఫిళ్ళు ఉన్నాయండీ?" అని రాజారత్నం దైవాధీనాన్ని అడిగాడు.

"అయిదండీ. నాలుగు పెట్టెలో ఉన్నాయి. అయిదోది శోభనాద్రి గారు రిపేరుకని గుడివాడ పట్టికెళ్ళారు. శనివారం మూడు గంటల రైలుకి. ఆయన లేకపోబట్టే కదండీ ఆ రోజు ఈల నేను వేశాను."

శోభనాద్రి పేరు వినగానే ఇన్‌స్పెక్టర్ కనుబొమలు ముడిపడ్డాయి. తోట్లవల్లూరు దగ్గర ఇరవై ఎకరాల రైతు, బందరులో కాపురం. క్లబ్బుకి వైస్ ప్రెసిడెంటు, కొత్తవాళ్ళకి గురి నేర్పే గురువు. ఆయన గెలిచిన కప్పులు మూడు పాకలో బల్ల మీదే ఉన్నాయి.

"రత్నం గారూ, ఆయన ఈ చెట్టుని గురి తప్పుతాడా? పదిహేను గజాలు లేదు! ఆయన కళ్ళు మూసుకుని కొట్టినా మధ్యలో పడుతుంది. ఇదెవడో చేతగానివాడి పని."

"ఒక టెలిఫోన్ చేసొస్తాను."

గిలకలదిండిలో ఒక ఐసు ఫ్యాక్టరీకి ఫోనుంది. రాజారత్నం సైకిలు మీద వెళ్ళి గుడివాడకి ట్రంకాల్ బుక్ చేశాడు. పదీ యాభైకి లైను కలిసింది. అవతల తుపాకులు బాగుచేసే యేసుదాసు మాట్లాడాడు.

"రైఫిలు నా దగ్గరే ఉందండీ. శోభనాద్రి గారు తెచ్చారు."

"శనివారం సాయంత్రమా?"

"కాదండీ, ఆదివారం పొద్దున ఏడింటికి. మేం చర్చికి బయల్దేరుతుంటే ఇంటికే వచ్చారు."

"రిపేరేమిటి?"

"అదే నాకూ అర్థం కాలేదండీ. గొట్టం చివర గురి చూసుకునే ముక్క ఉంటుంది కదా, అది కనబడటం లేదు, లావుగా చేసి పెట్టమన్నారు. నేను చూస్తే శుభ్రంగా కనబడింది. ఆ మాటంటే, చెప్పింది చెయ్యవోయ్ అని కసిరారు. ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదండీ."

రాజారత్నం తిరిగి వచ్చేసరికి పదకొండున్నర అయింది. అతను చెప్పిందంతా ఇన్‌స్పెక్టర్ విన్నాడు.

"ఆదివారం ఇచ్చినంత మాత్రాన కాల్చింది ఆయనే అని ఏముంది? రైలు తప్పిపోయిందంటాడు."

"అంటారు. అందుకే ఆయన్ని నేను ఏమీ అడగను. మీరు కానిస్టేబుల్ని పంపండి. ఏడుకొండల్ని ఆస్పత్రి నుంచి పంపించేశారు, క్లబ్బు దగ్గరున్నాడు, ఒకసారి చూసి వెళ్ళమని చెప్పించండి చాలు."

"ఏడుకొండలు ఆస్పత్రిలోనే ఉన్నాడు కదండీ!"

"ఉండనివ్వండి. నిక్షేపంగా పాలూ రొట్టే తింటున్నాడు." రాజారత్నం లీలావతి వైపు తిరిగాడు. "అమ్మా, మీరొక పని చెయ్యాలి. వెళ్ళి మూడో నెంబరు దగ్గర, ఇటు తిరిగి నిలబడండి. ఎవరు పిలిచినా పలకొద్దు."

పన్నెండూ పదికి రిక్షా దిగి శోభనాద్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఆరడుగుల విగ్రహం. పాకలోకి వస్తూనే దైవాధీనాన్ని భుజం తట్టాడు. ఇన్‌స్పెక్టర్‌కి నమస్కారం పెట్టాడు.

"పాపం, మన ఏడుకొండలు ఎలా ఉన్నాడయ్యా?"

"అడుగో, గట్టు దగ్గర. ఇప్పుడే పనిలోకి దిగాడు," అన్నాడు రాజారత్నం.

శోభనాద్రి పాక అంచుకి వచ్చి నిలబడి గట్టు వైపు చూశాడు. యాభై గజాల దూరంలో తెల్లచీర కట్టుకుని, నల్లటి జడ ముందుకు వేసుకుని, లీలావతి ఆయన వైపే చూస్తూ నిలబడి ఉంది. కొంగు గాలికి ఎగురుతోంది.

ఆయన చెయ్యెత్తి గట్టిగా పిలిచాడు. "ఏరా ఏడుకొండలూ! చెయ్యి ఎలా ఉందిరా? తొందరేముంది, నాలుగు రోజులు ఇంటి దగ్గర పడుకోవచ్చు కదా!"

 దైవాధీనం బల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ లేని తన తలను నిమురుకున్నాడు.

"పలకడేం?" అన్నాడు శోభనాద్రి. తర్వాత తన చుట్టూ ఉన్న నిశ్శబ్దం ఆయనకి వినబడింది. మెల్లగా ఇటు తిరిగాడు. "ఎవరది?"

"లీలావతి గారండీ," అన్నాడు రాజారత్నం. "ఆడమనిషి. తెల్లచీర."

శోభనాద్రి బెంచీ కోసం చేత్తో తడుముకుని కూర్చున్నాడు.

"చూపు తగ్గి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు రాజారత్నం.

"ఏడాది పైనే. మొదట పొగమంచు అనుకున్నాను. శుక్లాలని తర్వాత తెలిసింది. ఇంట్లో కూడా చెప్పలేదు." ఆయన గొంతులో పొగరూ లేదు, భయమూ లేదు. "వచ్చే నెల పోటీలున్నాయి. కొత్తవాళ్ళంతా నా గురి చూద్దామని వస్తున్నారు. శనివారం రైలెక్కకుండా, ఇక్కడి చప్పుళ్ళ చాటున చెట్టుకి అట్ట గుచ్చుకుని సాధన చేశాను. దగ్గరికి, ఇంకా దగ్గరికి జరుగుతూ వచ్చాను. ఆ రోజు తూటా బయటికి పోయిందనే నాకు తెలియదు. గోడ అక్కడిదాకా ఉందనుకున్నాను. రాత్రి ఇంటికి వెళ్ళాక ఏడుకొండలు సంగతి విన్నాను. పొద్దున్నే భయపడి తుపాకి గుడివాడ చేర్చాను."

"ఈ అమ్మాయి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆవిడ దరఖాస్తు మీద సంతకం పెట్టి చేర్పించింది మీరే కదండీ!"

"రెండుసార్లు స్టేషన్ దాకా వచ్చాను. రెండుసార్లూ గుమ్మం దగ్గరే తిరిగిపోయాను. ఇంకేం చెప్పను? నా పేరు రాసుకోండి."

లీలావతి గట్టు దగ్గరనుంచి నడిచి వచ్చి పాక ముందు ఆగింది. శోభనాద్రి అడుగుల చప్పుడుకి తలెత్తాడు.

"అమ్మాయ్, క్షమించమని అడిగే ముఖం నాకు లేదు."

"నా కష్టం తీరిందండీ," అంది ఆమె. "మీరు మాత్రం ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి మావయ్య గారూ. ఆపరేషన్ చేస్తే నయమవుతుంది. మా పెద్దమ్మకి చేశారు, ఇప్పుడు బైబిలు చదువుకుంటోంది."

ఇన్‌స్పెక్టర్ కాగితాలు తీసి, పొద్దున రాసుకున్న రిపోర్టు అడ్డంగా చించాడు. "స్కూలుకి నేనే వచ్చి చెప్తాను టీచరు గారూ. సాయంత్రం నాలుగింటికి." ఆ తర్వాత రాజారత్నంతో, గొంతు తగ్గించి, "రుమాలు మీద అయిదు ముక్కలూ నా చేత్తోనే తీయించారు. మీతో వేగడం కష్టమండీ బాబూ," అన్నాడు. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు.

రాజారత్నం ఇంకా బెంచీ వైపే చూస్తున్నాడు. "ఒక్క సంగతి శోభనాద్రి గారూ. కొత్తవాళ్ళకి కాల్చమని చెప్పేది మీరు. ఎదర ఎవరూ లేరని చూసి చెప్పాల్సిందీ మీరే. ఏడాదిగా ఎలా చూశారు?"

"చూడలేదు. ఏడుకొండలు గోతిలోకి దిగి 'ఖాళీ' అని కేక వేసేవాడు. ఆ కేక విని చెప్పేవాణ్ణి."

"కేక వినబడని రోజు?"

శోభనాద్రి అప్పుడు, దైవాధీనం నిలబడ్డ వైపు కాక, ఇందాక తను అతని భుజం తట్టిన వైపు ముఖం తిప్పాడు.

"ఒక్కరోజు. ఫిబ్రవరిలో. ఏడుకొండలు రాలేదు. నువ్వూ, నేనూ, ఆ గిలకలదిండి వాడూ, అంతే ఉన్నాం. నువ్వు అట్ట గుచ్చడానికి వెళ్ళావు. తిరిగి వచ్చేశావనుకుని నేను కాల్చమన్నాను దైవాధీనం."

దైవాధీనం చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు తూటా జుయ్యిమని ఆ చెవి పక్కనుంచే పోయింది. కాల్చినవాడు తోమాసు, వలలు అల్లుకునే మనిషి, చేరి అప్పటికి పది రోజులు. చెప్పకుండా ఎందుకు కాల్చావని దైవాధీనం అతని మీద పడితే, గురువుగారు కాల్చమన్నారండీ అని తోమాసు అన్నాడు. నేను అనలేదు అని శోభనాద్రి అన్నాడు. దైవాధీనం అక్కడికక్కడే తోమాసు చొక్కాకున్న బిళ్ళ లాగేసి, పేరు కొట్టేసి, బయటికి పంపాడు.

"అబద్ధం ఆడింది నేను," అన్నాడు శోభనాద్రి.

దైవాధీనం బల్ల సొరుగు లాగి, అందులోంచి క్లబ్బు బిళ్ళ ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. పాక వెనక్కి వెళ్ళి సైకిలు స్టాండు తీశాడు.

"ఎండలో ఎక్కడికండీ?" అంది లీలావతి.

"గిలకలదిండికి. పడవలు వచ్చే వేళ అయింది, తోమాసు ఒడ్డునే ఉంటాడు," అని చెప్పి, ఆమె మరో మాట అడిగేలోపే దైవాధీనం సైకిలెక్కి రోడ్డు మీదికి తిరిగాడు.